మీకు తెలుసా? ‘బ్రేవ్’ వెనకున్న తలుపు కథ

పెళ్లి భోజనం ముగిసింది. ఆఖర్న గడ్డపెరుగు, ఆపైన కిళ్లీ. చేయి కడుక్కుని వచ్చి కుర్చీలో వెనక్కి వాలగానే బాబాయిగారు ‘బ్రేవ్’మని తేన్చారు. వంటవాడికి అంతకన్నా మెప్పేముంటుంది! గంట తిరక్కుండానే అదే బాబాయిగారు ఛాతీ రుద్దుకుంటూ, “ఏమిటోరా, యాసిడ్ ఎక్కువైనట్టుంది” అన్నారు. ఆ తేన్పుకీ ఈ మంటకీ దగ్గరి చుట్టరికం ఉంది. రెండూ వచ్చేది ఒకే తలుపులోంచి. ఆ తలుపు ఒక కండరం. ఈసారి ముచ్చట్లన్నీ దాని గురించీ, దాని పైనున్న గొట్టం గురించీ.

జానెడు మీద రెండు వేళ్లు

గొంతు నుంచి కడుపు దాకా అన్నం మోసుకెళ్లే అన్నవాహిక పెద్దవాళ్లలో సుమారు 25 సెంటీమీటర్లు ఉంటుంది. బొమ్మల్లో పైపులా గుండ్రంగా గీస్తారుగానీ, ఖాళీగా ఉన్నప్పుడు అది గాలి తీసిన సైకిల్ ట్యూబులా అణిగి ఉంటుంది. దాని గోడలో కండరం రెండు వరసలు. లోపలి వరస చేతికి గాజుల్లా చుట్టూ తిరిగి ఉంటుంది, బయటి వరస నిలువుగా సాగుతుంది. గాజుల వరస పిండుతుంది, నిలువు వరస గొట్టాన్ని కాస్త పొట్టిగా లాగుతుంది. ముద్ద కిందికి దిగడం ఈ రెండింటి చలవే.

మన మాట గొంతు వరకే

అన్నవాహిక పై భాగంలో ఉన్న కండరం చేతుల్లో, కాళ్లలో ఉండే రకం. కిందికి వెళ్లేకొద్దీ పేగుల్లో ఉండే రకం వస్తుంది. మధ్యలో రెండూ కలగలిసి ఉంటాయి. పై భాగంలో ఉన్నది చేతి కండరం లాంటిదే కదా అని అది మన మాట వింటుందనుకోకండి. మింగాలా వద్దా అన్నంత వరకే మన పెత్తనం. ముద్ద గొంతు దాటాక ‘ఆగు’ అన్నా ఆగదు, ‘వెనక్కి రా’ అన్నా రాదు.

తలకిందులుగా వేలాడుతూ తిన్నా

పదో తరగతి జీవశాస్త్రంలో చదివిన పెరిస్టాలిటిక్ చలనం గుర్తుందా? ముద్దకు వెనక బిగుస్తూ, ముందు వదులవుతూ సాగే అల అది. సెకనుకు 2 నుంచి 4 సెంటీమీటర్ల వేగంతో కదులుతూ 8–10 సెకన్లలో కడుపు ముంగిటికి చేరుతుంది. భూమి లాగకపోయినా దాని పని అది చేసుకుపోతుంది. అంతరిక్ష యాత్రల తొలినాళ్లలో, బరువన్నదే తెలియనిచోట మింగుడు పడుతుందా అన్న అనుమానం డాక్టర్లకు ఉండేది. 1961లో సోవియట్ వ్యోమగాములు గగారిన్, టిటోవ్, 1962 ఫిబ్రవరిలో అమెరికా వ్యోమగామి జాన్ గ్లెన్ ట్యూబుల్లోంచి పిండుకుని తిని ఆ అనుమానం తీర్చేశారు. గ్లెన్ తిన్నది యాపిల్ గుజ్జు.

మెడ పొడుగు పక్షి ఉపకారం

మింగిన ముద్ద లోపల ఎలా కదులుతుందో మనిషి కళ్లారా చూసింది ఎక్స్-రే వచ్చిన మరుసటి ఏడాదే. 1896 చివర్లో హార్వర్డ్‌లో వైద్యవిద్యార్థిగా ఉన్న వాల్టర్ కానన్, బాతు జాతికి చెందిన గూస్ పక్షికి బిస్మత్ కలిపిన మేత పెట్టి ఎక్స్-రే తెర మీద చూశాడు. దాని మెడ పొడుగు కాబట్టి ముద్ద ప్రయాణం తీరిగ్గా కనిపించింది. మోజర్ అనే సహాధ్యాయితో కలిసి ఆ ఫలితాలను 1898లో ప్రచురించాడు. ఈనాటికీ బేరియం తాగించి తీసే ఎక్స్-రేకి మూలం అదే ఆలోచన.

చెంబెత్తి గటగటా తాగితే

ఎండన పడి వచ్చి చెంబు పైకెత్తి గటగటా నీళ్లు తాగుతాం. గుక్కకో అల పుడితే ఒకదాని మీద ఒకటి పడి రభస అవ్వాలి కదా? అవ్వదు. కొత్త గుక్క పడగానే పాత అల ఆగిపోతుంది. గుక్క మీద గుక్క పడుతున్నంతసేపూ గొట్టం వదులుగా ఊరుకుంటుంది, కింది తలుపు తెరిచే ఉంటుంది. ఆఖరి గుక్క అయ్యాక ఒక్కటే పెద్ద అల వచ్చి మొత్తం ఊడ్చేస్తుంది. డాక్టర్లు దీన్నే పరీక్షగా వాడుకుంటారు. 2 మిల్లీలీటర్ల నీటిని వెంటవెంటనే ఐదుసార్లు మింగిస్తారు. ఆఖర్న వచ్చే అల మామూలు దానికన్నా బలంగా ఉంటే కండరంలో ఇంకా సత్తువ మిగిలి ఉన్నట్టు లెక్క.

కత్తికి దొరకని తలుపు

అన్నవాహిక కడుపులో కలిసేచోట 3–4 సెంటీమీటర్ల మేర కండరం ఎప్పుడూ బిగిసే ఉంటుంది. మింగినప్పుడు కొన్ని సెకన్లు వదులై, మళ్లీ తనంతట తానే మూసుకుంటుంది. స్ప్రింగు తలుపు అన్నమాట. విచిత్రమేమిటంటే, కోసి చూస్తే అక్కడ ఇదీ తలుపు అని చూపించేంత స్పష్టమైన ఉంగరం కనపడదు. అందుకే అది ఉందా లేదా అన్న వాదన చాలాకాలం సాగింది. 1956లో అమెరికాలోని మేయో క్లినిక్‌లో ఫైక్, కోడ్, ష్లెగెల్ అనే ముగ్గురు సన్నని గొట్టాలు మింగించి ఒత్తిడి కొలిచారు. కడుపులో ఉన్న ఒత్తిడికన్నా అక్కడ ఎక్కువ ఉన్నట్టు తేలింది. కంటికి కనపడని తలుపు కొలతలో దొరికింది. బీపీ కొలిచే మిల్లీమీటర్లలోనే చెబితే, ఆరోగ్యవంతుల్లో ఈ బిగువు కడుపు ఒత్తిడి మీద సుమారు 10 నుంచి 30.

బయట ఇంకో పిడికిలి

ఈ తలుపుకి ఒక తోడు ఉంది. ఛాతీకీ పొట్టకీ మధ్య గొడుగులా పరుచుకున్న డయాఫ్రం కండరంలో ఒక సందు ఉంటుంది. అన్నవాహిక ఆ సందులోంచే పొట్టలోకి దిగుతుంది. సందు చుట్టూ ఉన్న డయాఫ్రం పోగులు తలుపుని బయటి నుంచి పిడికిలితో పట్టుకున్నట్టు ఉంటాయి. ఊపిరి పీల్చినా, దగ్గినా, బిందె ఎత్తినా ఆ పిడికిలి బిగుస్తుంది. పొట్టలో ఒత్తిడి పెరిగేదీ సరిగ్గా అప్పుడే. కాపలా ఎప్పుడు కావాలో అప్పుడే గట్టిపడుతుందన్నమాట.

పిడికిలి జారితే

వయసు, ఊబకాయం లాంటి కారణాలతో ఆ సందు వెడల్పై కడుపు పై భాగం ఛాతీలోకి జరగడమే హయటస్ హెర్నియా. అప్పుడు తలుపు ఒకచోట, పిడికిలి ఇంకోచోట ఉంటాయి. రెండూ కలిసి ఆపగలిగినదాన్ని విడివిడిగా ఆపలేవు. ఎండోస్కోపీ రిపోర్టులో ఈ మాట చూసి కంగారు పడేవాళ్లు ఎక్కువ. చిన్న హెర్నియా ఉన్నవాళ్లలో చాలామందికి ఏ బాధా ఉండదు. పెద్దదైతేనే యాసిడ్ ఎగదన్నడం ఎక్కువ.

కింద ఉండటమే వింత

ఊపిరి పీల్చిన ప్రతిసారీ ఛాతీలో ఒత్తిడి బయటి గాలి ఒత్తిడికన్నా తగ్గుతుంది, పొట్టలో పెరుగుతుంది. అంటే కడుపులో ఉన్నదాన్ని పైకి పీల్చే ఏర్పాటు రాత్రింబగళ్లు పనిచేస్తూనే ఉంటుంది. స్ట్రా పెట్టి పైనుంచి పీలుస్తున్నట్టు ఊహించుకోండి. కండరమనే తలుపు లేకపోతే యాసిడ్ పైకి ఎందుకొచ్చిందని కాదు, కిందెందుకు ఉందని ఆశ్చర్యపోవాల్సి వచ్చేది.

‘బ్రేవ్’ అసలు రహస్యం

తలుపు బలహీనపడి ఎప్పుడూ వదులుగా ఉండటం వల్లే యాసిడ్ పైకి వస్తుందని ఒకప్పుడు అనుకునేవారు. 1980లో, ఆ తర్వాత 1982లో అమెరికాలో డాడ్స్, ఆస్ట్రేలియా వైద్యుడు డెంట్, వారి సహచరులు ప్రచురించిన పరిశోధనలు ఆ ఊహను తిరగేశాయి. తలుపు బిగువు బాగానే ఉన్నవాళ్లలో కూడా అది ఉన్నట్టుండి తెరుచుకుంటోంది. మింగకపోయినా తెరుచుకుంటోంది. మింగినప్పటికన్నా ఎక్కువసేపు, 10 సెకన్లు దాటి తెరిచి ఉంటోంది.

ఎందుకలా? కడుపు పై భాగం ఉబ్బగానే అక్కడి నరాలు వేగస్ నాడి ద్వారా మెదడుకు కబురు పంపుతాయి. మెదడు నుంచి ‘తలుపు తియ్’ అని జవాబు వస్తుంది. తలుపు వదులవుతుంది, డయాఫ్రం పిడికిలీ సడలుతుంది, గాలి బయటపడుతుంది. అదే మన బ్రేవ్! సోడాలోని గ్యాసు, అన్నంతోపాటు మింగిన గాలి పైకి వెళ్లడానికి ఉన్న దారి ఇదే. ఆ సందులో గాలితోపాటు యాసిడ్ కూడా వచ్చిందంటే, అదే రిఫ్లక్స్.

ఇంకో తమాషా. ఇలా తలుపు తెరుచుకోవడం ఆరోగ్యవంతులకూ జరుగుతుంది. చాలామంది రోగుల్లో అది మరీ ఎక్కువసార్లేమీ తెరుచుకోదు. తెరుచుకున్నప్పుడు గాలికి బదులు యాసిడ్ రావడమే వాళ్లలో ఎక్కువ.

రోజుకి గంట మామూలే

ముక్కులోంచి సన్నని తీగ దించి, అన్నవాహికలో యాసిడ్ ఎంతసేపు ఉందో 24 గంటలూ లెక్కపెట్టే పరీక్ష ఉంది. పీహెచ్ 4 కన్నా తగ్గితే యాసిడ్ ఉన్నట్టు గుర్తు. ఫ్రాన్స్‌లోని లియాన్ నగరం పేరుతో 2018లో నిపుణులు ప్రకటించిన ఏకాభిప్రాయం ప్రకారం, ఆ సమయం రోజులో 4 శాతం లోపుంటే మామూలు, 6 శాతం దాటితే జబ్బు. నిమిషాల్లోకి మార్చి చూడండి. 4 శాతమంటే దాదాపు 58 నిమిషాలు, 6 శాతమంటే 86 నిమిషాలు. రోజుకి ముప్పావుగంట యాసిడ్ పైకొచ్చినా మనిషి ఆరోగ్యవంతుడే. మామూలుకీ జబ్బుకీ మధ్య దూరం అరగంటే.

యాసిడ్ అమాయకత్వం

కడుపులో ఉండేది హైడ్రోక్లోరిక్ ఆమ్లమేనని 1823లో లండన్ వైద్యుడు విలియం ప్రౌట్ తేల్చాడు. పెద్దవాళ్లలో రోజుకి లీటరున్నర నుంచి రెండు లీటర్ల జఠరరసం ఊరుతుంది. “నాకు యాసిడ్ ఎక్కువ” అనేవాళ్లలో అత్యధికులకి ఊరేది మామూలుగా అందరికీ ఊరేంతే. కడుపు లోపలి గోడకి జిగురు పూత ఉంటుంది కాబట్టి తట్టుకుంటుంది. అన్నవాహికకి అంతటి పూత లేదు. సరుకు మంచిదే, చేరకూడని ఇంటికి చేరింది.

అన్నం మీద తేలే మీగడ

తిన్న వెంటనే అన్నం కలిసి యాసిడ్ పలచబడుతుంది కదా, మరి మంట అప్పుడే ఎందుకు వస్తుంది? 2001లో గ్లాస్గో పరిశోధకులు దీనికి జవాబు చెప్పారు. భోజనం తర్వాత కడుపులో మిగతాచోట్ల పులుపు తగ్గినా, తలుపుకి ఆనుకుని ఉన్నచోట మాత్రం ఘాటైన యాసిడ్ అన్నంతో కలవకుండా విడిగా నిలబడుతుంది. పాల మీద మీగడలాగా! సరిగ్గా గుమ్మం దగ్గర కాచుకుని ఉంటుంది. తలుపు తెరిచిన మరుక్షణం ముందు దూరేది అదే.

చీపురు, తడిగుడ్డ

యాసిడ్ పైకొచ్చాక ఏమవుతుందో 1984లో హెల్మ్, డాడ్స్ బృందం చూపించింది. మన ఇంట్లో పనిలాగే రెండు అంచెలు. ముందు చీపురు: గొట్టం ఉబ్బగానే మనం మింగకపోయినా అల పుట్టి యాసిడ్‌ని కిందికి నెట్టేస్తుంది. ఒకట్రెండు అలలకే దాదాపు అంతా పోతుంది. తర్వాత తడిగుడ్డ: గోడకి అంటుకున్న కొసరు యాసిడ్‌ని లాలాజలంలోని క్షారం విరుస్తుంది. మెలకువగా ఉన్నప్పుడు సుమారు నిమిషానికోసారి తెలియకుండానే ఉమ్మి మింగుతుంటాం. ఆ ప్రతి గుటకా ఓ తడిగుడ్డ. భోజనమయ్యాక చూయింగ్ గమ్ నమిలితే మంట తగ్గేది అందుకే: లాలాజలం ఎక్కువ ఊరుతుంది, గుటకలూ పెరుగుతాయి.

రాత్రి పనివాళ్లకి సెలవు

నిద్రలో లాలాజలం ఊరడం దాదాపు ఆగిపోతుంది. మింగడం బాగా తగ్గిపోతుంది. పడుకుని ఉంటాం కాబట్టి బరువుకి కిందికి జారే వీలూ లేదు. పగలు నిమిషాల్లో తేలిపోయే యాసిడ్ రాత్రిపూట చాలాసేపు తిష్ఠ వేస్తుంది. భోజనానికీ పడకకీ మధ్య రెండు మూడు గంటలు ఉండాలనడం అందుకే. తల కింద రెండు దిండ్లు పెట్టుకుంటే మెడ వంగి, పొట్ట మడతపడుతుంది, ప్రయోజనం తక్కువ. మంచం తలవైపు కోళ్ల కింద ఇటుకలు పెట్టి 15–20 సెంటీమీటర్లు ఎత్తితే ఒళ్లంతా ఏటవాలుగా ఉంటుంది. ఎడమ పక్కకి తిరిగి పడుకోవడమూ మేలే. అప్పుడు తలుపు పైన, యాసిడ్ కింద ఉంటాయి. కుడి పక్కకి తిరిగితే తలుపు యాసిడ్ మడుగులో మునుగుతుంది.

అల నీరసిస్తే

అన్నవాహిక కింది భాగంలో అల ఒత్తిడి 30 మిల్లీమీటర్లకన్నా తగ్గితే అది సరిగా ఊడవలేదని 1980లలో అమెరికాలో కారిలాస్ తదితరులు గమనించారు. ముద్ద ముందుకి పోక కొంత వెనక్కి జారుతుంది. 1986లో వాళ్లే మరో లెక్క చెప్పారు. యాసిడ్ వల్ల అన్నవాహిక కొద్దిగా పుండు పడినవాళ్లలో 25 శాతం మందికి, తీవ్రంగా పడినవాళ్లలో 48 శాతం మందికి అల దెబ్బతిని కనిపించింది. ఊడవని ఇంట్లో చెత్త పేరుకుంటుంది, చెత్త పేరుకుంటే చీపురూ పాడవుతుంది. పుండు మానినంత మాత్రాన పోయిన బలం తిరిగొస్తుందన్న భరోసా లేదు.

పది గుక్కల పరీక్ష

కండరం పనితీరు చూసే పరీక్ష పేరు హై రిజల్యూషన్ మానోమెట్రీ. సెంటీమీటరుకొకటి చొప్పున 36 సెన్సర్లున్న సన్నని గొట్టాన్ని ముక్కులోంచి దించి, పడుకోబెట్టి 5 మిల్లీలీటర్ల నీళ్లు పదిసార్లు మింగిస్తారు. ఒక్కో గుక్క తెర మీద రంగుల బొమ్మగా వస్తుంది. నీలం అంటే తక్కువ ఒత్తిడి, ఎరుపు అంటే ఎక్కువ. ఈ బొమ్మలను చదివే పద్ధతికి షికాగో వర్గీకరణ అని పేరు. 2021లో వచ్చిన దాని నాలుగో కూర్పు ప్రకారం, గుక్కల్లో 70 శాతానికి మించి నీరసపడినా, కనీసం సగం పూర్తిగా విఫలమైనా చలనం బలహీనపడినట్టు. మంటతో వచ్చిన ప్రతివారికీ ఈ పరీక్ష అక్కర్లేదు. ఆపరేషన్ ఆలోచన ఉన్నప్పుడూ, మింగడం కష్టమైనప్పుడూ తప్పనిసరి.

చర్మం జబ్బు, గొట్టం గుట్టు

స్క్లెరోడెర్మా అనే జబ్బులో చర్మం గట్టిపడి బిగుసుకుపోతుంది. ఈ రోగుల్లో చాలామందికి అన్నవాహిక కింది భాగంలో కండరం చచ్చుబడుతుంది. అల ఉండదు, తలుపుకి బిగువుండదు. వీళ్లలో మొండి రిఫ్లక్స్ ఎక్కువ. గొంతు దగ్గరున్న పై భాగం మాత్రం చక్కగా పనిచేస్తుంటుంది, ఎందుకంటే అక్కడిది వేరే రకం కండరం. ఒకే గొట్టంలో రెండు జాతుల కండరం ఉందనడానికి ఇంతకన్నా రుజువేం కావాలి?

తలుపు తెరుచుకోకపోతే

తలుపు విషయంలో దీనికి అచ్చంగా తిరగబడ్డ జబ్బు అకలేసియా. మింగినా తలుపు తెరుచుకోదు, పైన అల రాదు. 1674లో ఇంగ్లండ్ వైద్యుడు థామస్ విల్లిస్ ఇలాంటి రోగికి తిమింగలం ఎముకకి స్పాంజి కట్టి ఇచ్చాడు. రోగి ఏళ్ల తరబడి దాంతోనే అన్నం కిందికి నెట్టుకుని బతికాడు. తిన్నది గొట్టంలోనే నిలిచి పులియడం వల్ల వీళ్లకీ ఛాతీలో మంట వస్తుంది. దాంతో కొందరు ఏళ్ల తరబడి గ్యాస్ మాత్రలు మింగుతూ గడిపేస్తారు.

జపాన్‌కి చెందిన హరుహిరో ఇనౌ 2008లో నోట్లోంచే ఎండోస్కోప్ పంపి ఆ కండరాన్ని కోసే ‘పోయెమ్’ పద్ధతి మొదలుపెట్టాడు. మన హైదరాబాద్‌లోని ఏషియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ గ్యాస్ట్రోఎంటరాలజీలో ఇది పెద్ద సంఖ్యలో జరుగుతోంది. మింగుడు పడుతుంది, సంతోషం. అయితే కొందరికి ఆ తర్వాత యాసిడ్ రిఫ్లక్స్ మొదలవుతుంది. తలుపు కోస్తే ఏమవుతుందో చెప్పడానికి వేరే సాక్ష్యం అక్కర్లేదు.

మాత్ర తలుపు వేయదు

ఒమెప్రజోల్ 1988లో మార్కెట్లోకి వచ్చాక యాసిడ్ వైద్యం మారిపోయింది. పాంటోప్రజోల్ దాని చుట్టమే. ఇవి యాసిడ్ ఊరడాన్ని తగ్గిస్తాయి, పుండు మానుస్తాయి. తలుపుని మాత్రం ముట్టుకోవు. మాత్ర వేసుకున్నాక కూడా కడుపులోది పైకి దాదాపు అన్నిసార్లే వస్తుంది. కాకపోతే దానిలో ఘాటు తగ్గుతుంది. అందుకే మంట పోయినా “గొంతులోకి ఏదో వస్తూనే ఉందండీ” అనేవాళ్లుంటారు. ఇంకో మాట: ఈ మాత్రలు భోజనానికి అరగంట ముందు వేసుకుంటేనే బాగా పనిచేస్తాయి.

కండరాన్ని చురుకు చేసే మందులూ వచ్చాయి. పేరు మోసిన సిసాప్రైడ్ గుండె లయని దెబ్బతీస్తోందని 2000లో అమెరికా మార్కెట్ నుంచి తప్పించారు, 2011లో మన దేశంలో నిషేధించారు. కండరాల బిగుతు తగ్గించే బాక్లోఫెన్ తలుపు ఊరికే తెరుచుకోవడాన్ని తగ్గిస్తుంది, కానీ మగతగా ఉంటుంది. కండరాన్ని మందుతో దారికి తేవడం ఇప్పటికీ కష్టమే.

తలుపుని వదులు చేసేవి

సిగరెట్, మద్యం, నూనె ఓడే వంటలు, చాక్లెట్ తలుపు బిగువుని తగ్గిస్తాయి. హోటల్లో భోజనం తర్వాత చప్పరించే పిప్పరమెంటు కూడా ఆ జాబితాలోదే. బీపీకి వాడే ఆమ్లోడిపిన్, నిఫెడిపిన్ తరహా మందులు, ఉబ్బసానికి వాడే థియోఫిలిన్ కూడా అంతే. గర్భిణుల్లో ప్రొజెస్టిరాన్ హార్మోను ఆ పని చేస్తుంది, కాన్పయ్యాక మంట తగ్గిపోతుంది. బీపీ మాత్ర మీద అనుమానం వస్తే డాక్టరుతో చెప్పండి, మీరుగా మానేయకండి. ఇక బెల్టు: నడుముకి బిగుతుగా బెల్టు కట్టుకుంటే ఆరోగ్యవంతుల్లో కూడా యాసిడ్ పైకి జరుగుతుందని 2014లో గ్లాస్గో పరిశోధకులు చూపించారు.

గుండె మాత్రకి తగ్గితే గుండెదేనా?

అన్నవాహిక గుండెకి సరిగ్గా వెనకే ఉంటుంది. ఎంత దగ్గరంటే, గుండెని స్పష్టంగా చూడటానికి అన్నవాహికలోకి గొట్టం దించి ఎకో తీస్తారు. గుండెనొప్పికి నాలుక కింద పెట్టుకునే నైట్రేట్ మాత్ర నైట్రిక్ ఆక్సైడ్‌ని ఇస్తుంది. అన్నవాహిక తలుపుని తెరిచే సంకేతమూ అదే వాయువు. అందుకని అన్నవాహిక పట్టేసి వచ్చిన నొప్పి కూడా ఆ మాత్రకి తగ్గవచ్చు. అంటే మాత్రకి తగ్గిందా లేదా అన్నదాన్ని బట్టి ఇంట్లో కూర్చుని తీర్పు చెప్పడం కుదరదు. ఛాతీలో బరువు, చెమటలు, ఆయాసం, చేతికో దవడకో పాకే నొప్పి ఉంటే “గ్యాసేలే” అనుకోకుండా ముందు 108కి ఫోన్ చేయండి.

పాపాయి పాలు కక్కితే

నెలల పిల్లల్లో తలుపు ఇంకా పదును ఎక్కదు, గొట్టం పొట్టిది, తాగేది పాలు, ఉండేది పడుకుని. నాలుగో నెల ప్రాంతంలో కక్కడం ఎక్కువగా ఉండి, ఏడాది దాటేసరికి చాలామందిలో సర్దుకుంటుంది. పాలు పట్టాక భుజాన వేసుకుని వీపు తట్టే అమ్మమ్మలు ఆ గాలిని ముందే తేన్పించేస్తారు. బరువు పెరగకపోయినా, కక్కినదాంట్లో పచ్చదనమో రక్తమో కనిపించినా ఆలస్యం చేయకూడదు.

గుర్రం, ఆవు, జిరాఫీ

గుర్రం వాంతి చేసుకోలేదు. దాని తలుపు అంత బిగువు. అందుకే కడుపునొప్పి దానికి ప్రాణాంతకం కావచ్చు. ఆవుది ఇంకో తీరు. దాని అన్నవాహిక మొత్తం చేతి కండరం రకమే, అల కింది నుంచి పైకి కూడా నడుస్తుంది. నెమరు వేయడం అలాగే సాధ్యం. జిరాఫీ నెమరు వేస్తుంటే పొడవాటి మెడలో ముద్ద పైకి ఎక్కడం దూరం నుంచే కనిపిస్తుంది. మనకి ఆ వెనకడుగు అల లేదు. వాంతిలో తోసేది పొట్ట కండరాలు, డయాఫ్రం.

పొట్టతో ఊపిరి

డయాఫ్రం పిడికిలి లాంటిదైతే దానికి కసరత్తు చేయించవచ్చా? 2012లో ఆస్ట్రియాలోని గ్రాట్స్‌లో కొద్దిమంది రోగులకు నాలుగు వారాలపాటు పొట్టతో ఊపిరి తీయడం నేర్పారు. అన్నవాహికలో యాసిడ్ ఉండే సమయం తగ్గింది. ఇది చిన్న ప్రయోగమే. ఖర్చు లేనిదీ, హాని లేనిదీ కాబట్టి ప్రయత్నించవచ్చు. మాత్రకి బదులుగా కాదు, మాత్రకి తోడుగా.

తేన్పే రానివాళ్లు

పైన గొంతు దగ్గర కూడా ఒక తలుపుంది. ఊపిరి పీల్చినప్పుడు గాలి కడుపులోకి పోకుండా ఆపేది అదే. కొందరికి అది పైకి వచ్చే గాలికి అసలు తెరుచుకోదు. పుట్టి బుద్ధెరిగాక ఒక్కసారీ తేన్చని మనుషులు వీళ్లు! పొట్ట ఉబ్బరం, మెడలో గుడగుడలతో అవస్థపడతారు. ఈ బాధకి 2019లో అమెరికా గొంతు వైద్యుడు బాస్టియన్ ఒక పేరు పెట్టాడు. ఆ కండరంలోకి బోటాక్స్ ఇంజెక్షన్ ఇస్తే చాలామంది తొలిసారి తేన్చగలిగారు.

ఇవి ఉంటే ఆగొద్దు

మింగుతుంటే అడ్డుపడటం, బరువు తగ్గిపోవడం, నల్లటి విరేచనం, రక్తం తగ్గడం, పదేపదే వాంతులు. వీటిలో ఏది కనిపించినా మందుల షాపులో మాత్ర అడగడం ఆపి డాక్టరు దగ్గరికి వెళ్లాలి.

ఆఖరి ముచ్చట: శాలువా కప్పిన సర్జన్

1930లలో జర్మనీ విడిచి ఇస్తాంబుల్ చేరిన యూదు సర్జన్ రుడాల్ఫ్ నిస్సెన్, ఒక రోగి అన్నవాహిక కింది భాగం తీసేసి కడుపుతో అతికించాడు. అతుకు లీకవకుండా కడుపు పైభాగాన్నే దాని చుట్టూ శాలువాలా కప్పి కుట్టాడు. ఏళ్ల తర్వాత ఆ రోగికి ఛాతీమంట అన్నదే లేదని తెలిసింది. 1955లో బాసెల్‌లో రిఫ్లక్స్ కోసమే ఆ శాలువా కప్పి, మరుసటి ఏడాది ప్రచురించాడు. ఐన్‌స్టయిన్ పొట్టలో ఉబ్బిన రక్తనాళానికి 1948లో ఆపరేషన్ చేసిందీ ఈయనే.

ఆ శాలువా బాగానే ఆపింది. కొందరికి మరీ బాగా ఆపింది! గాలి కూడా పైకి రాక పొట్ట ఉబ్బి, తేన్చలేక అల్లాడారు. అందుకే ఫ్రెంచ్ సర్జన్ టూపే 1963లో చుట్టూ పూర్తిగా కప్పకుండా కొంత సందు వదిలే పద్ధతి తెచ్చాడు. అల నీరసించినవాళ్లకి ఇప్పటికీ ఎక్కువగా ఇదే ఎంచుకుంటారు. 2012లో అమెరికా అనుమతించిన అయస్కాంతపు పూసల ఉంగరం కూడా మింగినా తేన్చినా విడివడి, తిరిగి మూసుకునేలా చేసిందే.

తలుపు బొత్తిగా మూసేస్తే బతకడం కష్టమని సర్జన్లు అలా నేర్చుకున్నారు. బాబాయిగారి ‘బ్రేవ్’కి అది తెరుచుకోవాల్సిందే. తెరిచిన ఆ పది సెకన్లలో గాలి ఒక్కటే వచ్చిందా, దాని వెంట పప్పుచారు పులుపు కూడా వచ్చిందా అన్నదాని మీదే ఆయన మధ్యాహ్నపు కునుకు ఆధారపడి ఉంది.